దమాసోకి ఒక కొండ కావాలి

చియార్‌పంపాకు కొండ లేదు. ఉండేది. తాతా లారామా అని, ఊరికి పడమటి దిక్కున, నీలంగా, ఎవరినీ లెక్కచేయనట్టు కూర్చుని ఉండేవాడు. గని కంపెనీ లారీలు ఇరవై రెండేళ్లపాటు ఆయన్ని కొరుక్కుతిన్నాయి. మొన్న మార్చిలో మిగిలిన ముక్క కూడా లారీ ఎక్కేసింది. ఇప్పుడు ఆ చోట పచ్చటి నీళ్లున్న గొయ్యి ఒకటుంది. కంపెనీవాళ్లు వెళ్తూ వెళ్తూ ఊరికి రేకుల కప్పుతో బంతాట మైదానం కట్టించి, రిబ్బను కత్తిరించి, చప్పట్లు కొట్టించుకుని మరీ పోయారు. కొండ తీసుకుని ఆటస్థలం ఇచ్చేవాళ్లని ఏమని తిట్టాలో ఊరికి తోచలేదు. కాబట్టి కొన్నాళ్లు బంతి ఆడారు.

పోతే పోయింది, కాస్త బోడిగా కనిపిస్తుంది, అంతేగా అని పట్నంవాళ్లు అనుకోవచ్చు. కొండ ఉండేది చూసుకోవడానికి కాదు. చచ్చినవాళ్లు ఉండేది అందులో. మనిషి పోయాక మూడేళ్లు కొండలోనే కాపురం. ఏటా నవంబరు ఒకటిన, చర్చిలో మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే దిగి ఇంటికొస్తాడు, పెట్టింది తింటాడు, వెళ్తాడు. మూడోసారి తిన్నాక ఇక రాడు. అక్కణ్ణుంచి ఎక్కడికి పోతాడో ఎవరికీ తెలియదు. అడగడం మర్యాద కూడా కాదు.

కసిమీరా మొగుడు దమాసో పోయి రెండేళ్లు దాటింది. మొదటి ఏడు బాగానే వచ్చాడు. గంట మోగుతుండగానే లావుపాటి ఈగ ఒకటి వచ్చి సూపు గిన్నె అంచున వాలింది. దమాసోయే! తిండి దగ్గర అంత తొందర ఇంకెవరికి? రెండో ఏటికి కొండ చర్చి గోపురమంతే మిగిలింది. ఈగ మూడు గంటలకు వచ్చింది, అదీ నీరసంగా. ఉండడానికి చోటు చాలక ఏడాది పొడుగునా నిలబడే ఉన్నాడేమోనని కసిమీరా వారం రోజులు కుమిలిపోయింది. ఇక ఇది మూడో ఏడు, ఆఖరిది. కొండేమో లేదు. ఊళ్లో పోయి మూడేళ్లు నిండనివాడు దమాసో ఒక్కడే కావడంతో మిగతా ఇళ్లవాళ్లకు ఈ బెంగ లేదు.

కసిమీరాకు అరవై మూడేళ్లు. బడిలో పిల్లలకు పొద్దుటి జావ కాస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో మొగుణ్ణి సాగనంపిన రోజు ఒక్కటీ లేదు, ఎందుకంటే దమాసో ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదు. పోయినప్పుడైనా ఆమె దగ్గర లేదు. బడిలో గరిటె తిప్పుతుంటే ఎవరో వచ్చి చెప్పారు. వెళ్లిరా అని అతనికి చెప్పుకోవడానికి ఈ ఒక్క భోజనమే మిగిలింది. అది కూడా కంపెనీ లారీ ఎక్కిపోయిందంటే ఊరుకునే మనిషి కాదు కసిమీరా.

జూన్‌లో ఊరి సభ జరిగింది. ఇంకెక్కడా నీడ లేదు కాబట్టి బంతాట మైదానంలోనే కూర్చున్నారు. ఆ ఏడు ఊరిపెద్ద సిప్రియానో. కుర్రతనంలో నావికాదళంలో పనిచేసి వచ్చాడు. సముద్రం లేని దేశానికి నావికాదళం ఏమిటని మా దగ్గర ఎవరూ అడగరు. సరస్సు మీద పడవ నడిపాడు, ఇప్పటికీ నడక అలాగే ఊగుతుంది.

"నాకు కొండ కావాలి," అంది కసిమీరా లేచి.

"అక్కా, కొండలు సంతలో అమ్మరు," అన్నాడు సిప్రియానో.

"అమ్మితే నిన్ను అడుగుతానా? నేనే బేరమాడి తెచ్చుకుందును."

గని చెత్త దిబ్బ ఉంది కదా, దానికే దణ్ణం పెట్టుకుందామన్నారు ఎవరో. కసిమీరా అటు తిరిగి, "మీ నాన్నను ఉంచుతావా అందులో?" అంది. ఆ మనిషి కూర్చున్నాడు. ఇంకెవరో తూర్పు పక్క ఊరు వీలాకాలా వాళ్ల కొండలో ఓ మూల అడుగుదామన్నారు. సభంతా ఒక్కసారిగా నవ్వింది. ఎందుకంటే వీలాకాలా పెద్ద అనాక్లేతోకీ దమాసోకీ ముప్పై ఒక్క ఏళ్ల పోట్లాట. రెండూళ్ల మధ్య పొలిమేర రాళ్లగుట్టను ఒకడు రెండడుగులు ఇటు జరిపితే, ఇంకొకడు మర్నాడు రెండడుగులు అటు జరిపేవాడు. ఆ నేల మీద గడ్డి కూడా సరిగా మొలవదు. అయినా ముప్పై ఒక్క ఏళ్లు జరిపారు. కర్రలతో కొట్టుకున్నారు, ఒకరి పన్ను ఒకరు రాలగొట్టుకున్నారు, ఒకే సంవత్సరం ఇద్దరూ ఆస్పత్రిలో పక్కపక్క మంచాల్లో పడుకుని అక్కడా మంచాలు జరుపుకున్నారు.

"మరి ఎక్కడిదక్కా కొండ?" అన్నాడు సిప్రియానో.

కసిమీరా వేలు పైకెత్తింది. అందరూ రేకుల కప్పు కేసి చూశారు.

"కప్పు కాదు. చంద్రుడు."

సంగతేమిటంటే, అంతకు ముందు శనివారం బడిలో ప్రదర్శన జరిగింది. రెనాన్ మాస్టారు ఎవరో దానమిచ్చిన టెలిస్కోపును పొద్దు వాలే వేళ ఆవరణలో నిలబెట్టి, అర్ధచంద్రుణ్ణి అందరికీ చూపించాడు. పిల్లలయ్యాక తల్లులు, తల్లులయ్యాక వంటమనిషి. కసిమీరా చేతులు తుడుచుకుని, టోపీ వెనక్కి తోసుకుని, ఒంటికన్నుతో చూసింది. బూడిద రంగు మైదానం. ఎంత దూరం చూసినా చదును. ఆ చదును మధ్యలో ఒక్కటంటే ఒక్కటే చిన్న కొండ, పక్కన దాని నీడ. చెట్టు లేదు, ఇల్లు లేదు, లారీ లేదు. అది చియార్‌పంపాయే, కంపెనీ రాక ముందటి చియార్‌పంపా.

"ఎవరిది మాస్టారూ అది?" అని అడిగింది.

"ఎవరిదీ కాదమ్మా. చంద్రుడు ఎవడి సొంతమూ కాదని అన్ని దేశాలూ కాగితం రాసుకున్నాయి."

"అయితే తీసుకుంటే అడిగేవాడు లేడన్నమాట."

మాస్టారు తను చెప్పింది అది కాదనబోయాడు. అప్పటికే ఆమె ఇంటిదారి పట్టింది.

ఇప్పుడు సభలో మాస్టారును లేపి నిలబెట్టారు. ఓరూరో పట్నం మనిషి, ముప్పై ఏళ్లవాడు, మొహమాటస్తుడు. కొండ ఎత్తెంత అన్నారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు, చంద్రుడి మీద అది చిన్నదే అన్నాడు. దూరమెంత అన్నారు. మూడు లక్షల ఎనభై నాలుగు వేల కిలోమీటర్లు అన్నాడు.

"లారీలు వెళ్లగలవా?" అని అడిగింది కసిమీరా.

"లారీలా? వెళ్లలేవు."

"రాసుకోండి," అంది ఆమె సభ వైపు తిరిగి.

ఊరి తీర్మానాల పుస్తకం తెరిచారు. మా దగ్గర పుస్తకంలో ఎక్కి ముద్ర పడితేనే ఏదైనా ఉన్నట్టు. హద్దులు రాయాలి. ఉత్తరాన ఏముంది? మైదానం. దక్షిణాన? మైదానం. ఆ మైదానానికి పేరుందా? ఉంది, పండితులు దాన్ని సముద్రం అంటారు, నీళ్లు మాత్రం లేవు అన్నాడు మాస్టారు. అంతే! సిప్రియానో కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"సముద్రమా? మాస్టారూ, సముద్రం అన్నారా?"

"పేరుకే అండీ, చుక్క నీరు లేదు..."

"నీళ్లదేముంది! మన దేశం చేతిలోంచి సముద్రం జారిపోయి నూట నలభై ఏళ్లయింది. ఏటా మార్చిలో బ్యాండు కట్టి ఏడుస్తున్నాం. ఇన్నాళ్లకి మన ఊరికి దొరికింది సముద్రం. నీళ్లు తర్వాత చూసుకుందాం!"

నూట పన్నెండు మంది చేతులెత్తారు. ఎదురు ఒక్కరూ లేరు. ఆకులు వేసి శకునం చూసేదీ, చర్చి గంట కొట్టేదీ కూడా మెలితోన్ పెద్దాయనే. ఇద్దరు దేవుళ్ల దగ్గరా ఉద్యోగం చేస్తూ ఇద్దరికీ కోపం రాకుండా నెట్టుకొస్తున్న మనిషి. ఆయన కోకా ఆకులు గుడ్డ మీద విసిరి, కొండ ఒప్పుకుందని చెప్పాడు. ఏ కొండకైనా మొదట సారా ఒలికించి పరిచయం చేసుకోవాలి. ఎప్పుడూ కొండ వైపు నేల మీద ఒలికిస్తారు. ఈ కొండ పైన ఉంది కాబట్టి పెద్దాయన గ్లాసు పైకి చిమ్మాడు. సారా ఎంత దూరం వెళ్లాలో అంత దూరం వెళ్లి ఆయన టోపీ మీదే పడింది.

"పుచ్చుకున్నాడు," అన్నాడు పెద్దాయన మొహం తుడుచుకుంటూ. "మిగిలింది తిరిగిచ్చాడు. మర్యాదస్తుడు."

ఆగస్టు వచ్చింది. కొండలకు ఆకలేసే నెల అది. మేం మేపుకునే లామాల కొవ్వు, చక్కెర బిళ్లలు, రంగు ఉన్ని, ఆకులు పొట్లం కట్టి, కొండ ఎదురుగా కాల్చి పొగ పెట్టాలి. కాల్చారు. ఆగస్టు గాలికి పొగ నేల బారున పాకి, మైదానం దాటి, తిన్నగా బడిలోకి పోయింది. మాస్టారు దగ్గుతూ బయటికొచ్చాడు. చంద్రుడికి ఆవగింజంత కూడా చేరలేదు. అప్పుడు సిప్రియానో బుర్రలో నావికాదళం మేలుకుంది. ఊరి పండక్కి తెచ్చి దాచిన పెద్ద తారాజువ్వ ఒకటుంది, పిల్లవాడి ఎత్తు. దానికి పొట్లం కట్టారు. నాలుగు గంటల వేళ, పట్టపగలే తూర్పున పాలిపోయి నిలబడిన చంద్రుడికి గురిపెట్టి అంటించారు.

అది చక్కగా లేచింది. ఊరంతా టోపీలు తీసి చూసింది. చూస్తుండగానే వంగి, కొంచెంసేపు ఆలోచించి, వీలాకాలా వైపు దిగింది. అయిదు నిమిషాలకు అక్కడ పొగ లేచింది. ఈసారి పొగ నిలువుగా లేచింది.

మర్నాడు పొద్దున్నే అనాక్లేతో పొలిమేర రాళ్లగుట్ట దగ్గరికి పిలిపించాడు. మనిషి ఆరడుగులు, బొంగురు గొంతు, ముందు పన్ను లేదు. చేతిలో మసిబారిన తారాజువ్వ పుల్ల.

"నా బార్లీ వామి తగలబడింది. ఎవడి పనిది?"

"మా కొండకి తిండి పెడుతున్నాం," అన్నాడు సిప్రియానో.

"మీ కొండా? మీకు గొయ్యి కదా ఉంది!"

సిప్రియానో చంక కింది తీర్మానాల పుస్తకం తెరిచి, ముద్రతో సహా చూపించాడు. అనాక్లేతో పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. చదివి, నవ్వాల్సిన చోట నవ్వకుండా, కోపగించుకున్నాడు.

"ఈ కొండ మీదెలా అవుతుందయ్యా? చంద్రుడు రోజూ ఎక్కణ్ణుంచి లేస్తాడు? మా ఊరి వెనకనుంచి. మా నేలలోంచి పైకొచ్చేవాడి మీద కొండ మీదా?"

"అస్తమించేది మా వైపు!"

"పుట్టిన ఊరు లెక్క గానీ చచ్చిన ఊరు లెక్కేంటి? పైగా హద్దులు రాసుకున్నారు, పక్క ఊరి సంతకం ఏది? నా సంతకం లేకుండా ఏ హద్దు చెల్లింది ఇక్కడ?"

అతను అన్నది నిజం. హద్దు కాగితం మీద పక్కవాడి సంతకం లేకపోతే అది కాగితమే కాదు. చంద్రుడి మీద పక్కవాడెవడూ లేడనే సంగతి ఎవరికీ తట్టలేదు. మాస్టారుకు తట్టింది గానీ, ఈపాటికి ఆయన నోరు విప్పడం మానేశాడు.

కసిమీరా ముందుకొచ్చింది. "మీకేం నొప్పి? మీకు కొండ ఉంది కదా. మాకు వాడుకోవడానికి కాదు. దమాసో కోసం. ఈ నవంబరుకి ఆఖరిసారి రావాలి. రావడానికి ఒక చోటు ఉండొద్దా?"

అనాక్లేతో ఆమె వంక చూశాడు. పుల్లను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అంటే దమాసో మా నేల మీదుగా దిగి వస్తాడన్నమాట."

"మరి ఎటు నుంచి రావాలి?"

"బతికున్నప్పుడు నన్నడక్కుండా నా నేలలో అడుగు పెట్టనివ్వలేదు. చచ్చాడని వదిలేస్తానా? దారి కావాలంటే అర్జీ పెట్టుకోమను. తన చేత్తో రాసి, వేలిముద్ర వేసి."

"నీ నోరు పడిపోను!" అంది కసిమీరా. "చచ్చినవాడి వేలిముద్ర ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్? మనిషివేనా నువ్వు?"

"రూలు రూలే," అని అనాక్లేతో వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. వెళ్తుంటే అతని భుజాలు కుంగి ఉన్నాయని మెలితోన్ పెద్దాయన అన్నాడు. ఆ సమయంలో ఆ భుజాలు ఎలా ఉంటే ఎవరిక్కావాలి. కసిమీరా ఇంటికెళ్లి, తలుపేసుకుని, దమాసో భుజాల మీద కప్పుకునే పాత పొంచో మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొండ దొరికింది, దారి మూసుకుపోయింది. అనాక్లేతో దారివ్వకపోతే దమాసో రాడు. అతనికి అంత పౌరుషం. ఆమె పిలిచినా సరే, అనాక్లేతోని బతిమాలి వచ్చే రకం కాదు.

అయినా అక్టోబరు చివర్లో పొయ్యి వెలిగించింది. వస్తాడో రాడో అని వంట మానేసే ఆడది ఈ పీఠభూమిలో పుట్టలేదు. ఎండు బంగాళాదుంపలు నానబోసింది, లామా మాంసం ఉడికించింది, కినోవా గింజల సూపు కాచింది, రొట్టె పిండి కలిపింది. మొహాలున్న రొట్టెబొమ్మలు, మోసుకురావడానికో రొట్టెగుర్రం, దిగడానికో రొట్టెనిచ్చెన చేయాలి. తాతా లారామా నుంచి దిగడానికి ఏడు మెట్లు సరిపోయేవి. చంద్రుడి నుంచి ఎన్ని కావాలి? పొయ్యి చుట్టూ చేరిన ఆడవాళ్లు పోట్లాడుకుని మాస్టారును పిలిచారు. ఆయన కాగితం మీద లెక్క మొదలుపెట్టి, ఆ నిచ్చెనకి పట్టే పిండి ఈ భూమ్మీద పండదని చెప్పాడు.

"అయితే నలభై చేస్తాను," అంది కసిమీరా. "పై మెట్లు తనే దూకుతాడు. అక్కడ బరువు తక్కువని మీరే అన్నారుగా."

నలభై మెట్లు ఒక్క పొయ్యిలో పట్టక నాలుగు ముక్కలుగా కాల్చి పాకంతో అతికించారు. దాన్ని గోడకి ఆనిస్తే తలుపు వేయడానికి వీల్లేకపోయింది.

ఇంకో చిక్కు. ఒకటో తారీకు చంద్రుడు ఎన్నింటికి లేస్తాడో మాస్టారు పంచాంగం లాంటి పుస్తకంలో చూసి చెప్పాడు. పన్నెండు గంటల నలభై ఒక్క నిమిషాలకు. చచ్చినవాళ్లు దిగాల్సింది పన్నెండింటికి. గంట మోగేసరికి కొండే ఇంకా నేల కింద ఉంటే దమాసో ఎక్కణ్ణుంచి దిగుతాడు? కసిమీరా ఆ సాయంత్రమే మెలితోన్ పెద్దాయన ఇంటికెళ్లింది.

"పెద్దాయనా, ఎల్లుండి పన్నెండు కొట్టడం కాస్త ఆలస్యం చేయి."

"ఎంత?"

"నలభై ఒక్క నిమిషాలు."

"అమ్మా, పన్నెండు అంటే పన్నెండేగా. నేనెవర్ని మార్చడానికి?"

"ఊళ్లో గంట నీ చేతిలో ఉంది. నువ్వు కొట్టినప్పుడే పన్నెండు. ముప్పై ఏళ్లుగా తాగి నీకు తోచినప్పుడు కొట్టావు, ఎవరైనా అడిగారా? ఒక్కసారి తాగకుండా కొట్టు."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. లేచి సారా సీసాను అటక ఎక్కించాడు.

కాబట్టి ఆ నవంబరు ఒకటిన చియార్‌పంపాలో పన్నెండు కాలేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చి, అక్కడే నిలబడి, వాలడం మొదలుపెట్టాడు. ఊరంతా కసిమీరా వాకిట్లో ఆకలితో నిలబడింది. మొదటి రెండేళ్లూ ఈగగా వచ్చినా, మూడో ఏడు ఆచారం ప్రకారం గంట మోగాక గడప దాటిన మొదటి మనిషిలో చచ్చినవాడు ఉన్నట్టు. ఆ మనిషే బల్ల దగ్గర కూర్చుని అతని బదులు తినాలి, అతని బదులు మాట్లాడాలి. ఆ ఏడు ఆ పని సిప్రియానోకి అప్పగించారు. అతను పొద్దుటినుంచీ పస్తున్నాడు, సూపు వాసనకు కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

కసిమీరా గుమ్మం పక్కన కూర్చుని తూర్పు కేసే చూస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. పన్నెండున్నర దాటింది. తర్వాత మాస్టారు గడియారం చూసి చేయి పైకెత్తాడు. వీలాకాలా కొండ పక్కన, ఎండలో, కడిగేసిన పలకలా పాలిపోయిన చంద్రుడు సగం కన్నా కాస్త ఎక్కువగా పైకొచ్చాడు. కొండ కనిపించదు, ఉత్త కంటికి ఎలా కనిపిస్తుంది? కానీ అది అక్కడే ఉందని ఆ వాకిట్లో అందరికీ తెలుసు. మెలితోన్ పెద్దాయన చర్చిలో పన్నెండు కొట్టాడు.

సిప్రియానో గడప మీదికి కాలెత్తాడు.

"ఆగు తమ్ముడూ," అంది కసిమీరా. "ఎవరో వస్తున్నారు."

తూర్పునుంచి, చదును నేల మీద, ఒక మనిషి నడిచొస్తున్నాడు. మొదట చుక్కలా, తర్వాత టోపీతో, తర్వాత కొత్త పొంచోతో. ఆరడుగుల మనిషి. అనాక్లేతో. చియార్‌పంపా మగవాళ్లు కర్రల కోసం చూశారు. చచ్చినవాడి పూట కూడా పోట్లాటకి వచ్చాడంటే వీడికి సిగ్గెక్కడిదని ఆడవాళ్లు గొణిగారు. అతను ఎవరి వంకా చూడలేదు. జనం మధ్యలోంచి వచ్చి, గుమ్మం ముందు ఆగి, పొంచో దులుపుకున్నాడు. దమాసో బతికుండగా బయటినుంచి వచ్చినప్పుడల్లా అలాగే దులుపుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు శత్రువుని చూసినంత శ్రద్ధగా సొంత తమ్ముణ్ణి కూడా ఎవరూ చూసి ఉండరు.

"ఏంటి కసిమీరా, గుమ్మంలో ఈ సంత?" అన్నాడు. "ఆకలి దంచేస్తోంది. ఏం వండావ్?"

అతను గడప దాటి, నిచ్చెన కింద వంగి, బల్ల దగ్గర దమాసో కుర్చీలో కూర్చున్నాడు. సిప్రియానో ఎత్తిన కాలు మెల్లిగా దించుకున్నాడు.

కసిమీరా గిన్నె నిండా సూపు పోసింది. పోస్తూ ఒలికించింది.

"దారి దొరికిందా?" అని అడిగింది.

"ఆ అనాక్లేతో గాడు పొలిమేర దగ్గర అడ్డం నిలబడ్డాడు. అర్జీ ఏదిరా అన్నాడు. నీ మొహం చూసి అర్జీ ఏంట్రా అన్నాను. పోన్లే పో అన్నాడు." అతను సూపు జుర్రాడు. "ఉప్పు తక్కువైంది. నిచ్చెన కూడా, పైనుంచి మూడో మెట్టు సరిగా కాలలేదు. కాలు జారింది."

వాకిట్లో ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కసిమీరా నవ్వలేదు. మాంసం వడ్డించింది, దుంపలు వడ్డించింది.

"అక్కడ ఎలా ఉంది?"

"చలి. మనకి అలవాటేగా. కొండ మంచిదే, చిన్నది, ఒకడికి సరిపోతుంది. ఎటు చూసినా చదును." అతను నమలడం ఆపాడు. "పక్కన ఎవరూ లేరు కసిమీరా. పొద్దున్నే లేచి రాళ్లు జరుపుతాను. అడిగేవాడు లేడు. ఇటెందుకు జరిపావురా అని వచ్చి అరిచేవాడు లేడు. రెండేళ్లయింది. నేనే జరుపుకుని, నేనే వెనక్కి పెట్టుకుంటున్నాను. ఎంతసేపని..."

ఆరడుగుల మనిషి చెంచా పట్టుకుని, దుంపల పళ్లెంలోకి తల వంచి, నిశ్శబ్దంగా ఏడ్చాడు. అది దమాసో ఏడుపో అనాక్లేతో ఏడుపో ఎవరూ తేల్చుకోలేకపోయారు. కసిమీరాకి మాత్రం తన ఏడుపే అది అనిపించింది. ఆమె అతని ఎదురుగా కూర్చుని, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా చెప్పింది. ఆ రోజు బడికి వెళ్లకుండా ఉండాల్సిందని, జావ మాడితే మాడిందని, ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయని, తనే బాగా లేదని. అతను వింటూ తిన్నాడు. తింటూ విన్నాడు.

గంట కొట్టి వచ్చిన మెలితోన్ పెద్దాయన చివరికి దగ్గరికొచ్చి, మెల్లిగా చెప్పాడు. "అమ్మా, మూడో ఏడు. తిన్నాక సాగనంపాలి. కూర్చున్న మనిషిని సొంత పేరుతో పిలువు. పిలిచావంటే దమాసో వెళ్లినట్టే. అది నువ్వే చేయాలి, ఇంకెవరూ చేయకూడదు."

"ఇంకా తినలేదు," అంది కసిమీరా. గిన్నె మళ్లీ నింపింది.

అతను తిన్నాడు. మళ్లీ నింపింది. మళ్లీ తిన్నాడు. రొట్టెగుర్రం పెట్టింది, తోకతో సహా నమిలాడు. రొట్టెబొమ్మలు పెట్టింది. మూడయింది, నాలుగయింది. చంద్రుడు చాలా పైకి ఎక్కాడు. జనం వాకిట్లో కూర్చుండిపోయారు. ఏడో గిన్నెకి అతని నుదుటి మీద చెమట పట్టింది. తొమ్మిదో గిన్నెకి పొంచో విప్పి పక్కన పెట్టాడు. వద్దని అనడానికి లేదు, ఎందుకంటే దమాసో పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ తిండి వద్దనలేదు. పదకొండో గిన్నె అతని ముందు పెట్టి, కసిమీరా మళ్లీ ఎదురుగా కూర్చుంది. అతను చెంచా ముంచాడు. ఎత్తాడు. చెయ్యి నోటిదాకా వచ్చి ఆగింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఈసారి దుఃఖంతో కాదు. అయినా నోరు తెరిచి ఆ చెంచాడు కూడా మింగాడు, మళ్లీ ముంచాడు.

కసిమీరా అతన్ని చూసింది. లేని పన్ను, చెమట, కదలలేని పొట్ట. పక్కూరి ముసలాడు తన కోసం చావడానికి సిద్ధపడి కూర్చున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. చేయి చాచి గిన్నెను తన వైపు లాక్కుంది.

"చాల్లే అనాక్లేతో అన్నా," అంది. "ఇక లే."

అతను చెంచా కింద పెట్టాడు.